ఇద్దరి ఇష్టం

1968 నవంబరు 22న అమెరికాలో ప్రసారమైన ‘స్టార్ ట్రెక్’ కథాభాగంలో శ్వేతజాతీయుడైన కెప్టెన్ కిర్క్, నల్లజాతి అధికారిణి ఉహూరాను ముద్దాడతాడు. జాత్యంతర వివాహాలపై నిషేధాలను అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. ఆ ముద్దు చరిత్రాత్మకమని అభిమానులు నేటికీ మురిసిపోతారు. వారిలోనే కొందరు మరో సంగతి గుర్తుచేస్తారు. కథలో ఆ ఇద్దరూ తమంతట తాము దగ్గర కాలేదు. మనోబలంతో ఇతరుల దేహాలను ఆడించే గ్రహాంతర పాలకులు వారిచేత ఆ పని చేయించారు. బలవంతపు ముద్దు ప్రేమ ఎలా అవుతుందన్నది వారి ప్రశ్న.

కాలక్షేపపు వాదంలో కనిపించే ఈ వివేకం చట్టసభలకు ఎందుకు కొరవడింది? 2021లో గుజరాత్ తన మతస్వేచ్ఛ చట్టాన్ని సవరించి, బలవంతపు మతమార్పిడి మార్గాల్లో వివాహాన్నీ చేర్చింది. బలవంతం లేదని రుజువు చేసుకునే భారాన్ని నిందితులపైనే మోపింది. అదే ఏడాది ఆగస్టు 19న హైకోర్టు, బలప్రయోగం, ప్రలోభం, మోసం లేని మతాంతర వివాహాలకు ఆ నిబంధనలు వర్తించకుండా నిలిపివేసింది.

సూరత్‌లో ఇది కాగితాలకు పరిమితమైన సంగతి కాదు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు, ఒడిశా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర శ్రామికులు అక్కడి మరమగ్గాల బస్తీల్లో ఇరుగుపొరుగులు. ఇన్ని భాషలు, ఇన్ని మతాలు కలిసి బతికే చోట మనసులు కలవడమూ సహజమే.

తెరమీది జంట తగదని అభిమాని తీర్పు చెబితే ఎవరికీ నష్టం లేదు. అదే తీర్పు ప్రభుత్వం చెబితే జైలు తలుపు తెరుచుకుంటుంది. ఆ కథలోని పాలకులు బలవంతంగా కలిపారు, ఇక్కడి పాలకులు బలవంతంగా విడదీయబోయారు. రెండుచోట్లా లెక్కకు రానిది ఆ ఇద్దరి ఇష్టమే.