దారి, నీళ్లు, మన కాళ్లు

హాఫ్ మారథాన్ అంటే 21 కిలోమీటర్ల మీద మరో 97 మీటర్లు. పతకాల కోసం పరిగెత్తేవాళ్లు గంటా పావులో ముగించేస్తారు. మాలాంటి వాళ్లకు రెండున్నర గంటలు, ఎండ ముదిరితే మూడు గంటలూ పడుతుంది. మా విహారంలో ఆదివారం ధ్యానానికి కూర్చునే మిత్రులం ఐదుగురం కొన్నేళ్లుగా ఈ పరుగుల్లో పాల్గొంటున్నాం. అందరం యాభై దాటినవాళ్లమే. ఒకరు షుగరు అదుపులో పెట్టుకోవాలని మొదలుపెట్టారు, మరొకరు తోడు కోసం వచ్చారు. ఆరోగ్యం సంగతి అలా ఉంచితే, ఈ పరుగు మాకు హక్కుల గురించి కొంత నేర్పింది. దాన్ని ధమ్మ మిత్రులతో పంచుకోవాలనిపించింది.

ముందు శరీరం సంగతి చెబుతాం. పద్నాలుగు, పదిహేను కిలోమీటర్ల దాకా కాళ్లు తీసుకెళ్తాయి. ఆ తర్వాత మనసు లెక్కలు మొదలుపెడుతుంది. ఇంకా ఎంత ఉంది, ఎందుకొచ్చిన బాధ, పక్కనే ఆటో ఉంది కదా అంటుంది. అప్పుడు మేము శ్వాస దగ్గరికి వస్తాం. మూడు అడుగులకు లోపలికి, మూడు అడుగులకు బయటికి. నొప్పిని నొప్పిగా చూడటం కూర్చున్నప్పుడు నేర్చుకున్నదే, పరిగెత్తేటప్పుడు పనికొస్తుంది. సోణుడనే భిక్షువు కథ మన పాఠకులకు తెలుసు. పాదాలు నెత్తురోడేలా నడుస్తూ సాధన చేసి, చివరికి విసిగిపోయిన ఆయనకు భగవానుడు వీణ తీగను గుర్తుచేశాడు. మరీ బిగిస్తే పలకదు, మరీ వదులైనా పలకదు. మా శిక్షణంతా ఆ తీగను శ్రుతి చేసుకోవడమే. పక్కనున్న మిత్రుడితో మాట్లాడగలిగినంత వేగంలోనే ఉంటాం. వారానికి ఒక పొడవైన పరుగు, మర్నాడు విశ్రాంతి.

హైదరాబాదులో ఏటా ఆగస్టు నెలలో జరిగే మారథాన్‌కు తెల్లవారకముందే నెక్లెస్ రోడ్డుకు చేరుకుంటాం. హుస్సేన్ సాగర్ మధ్య బుద్ధుడు చీకట్లో తెల్లగా కనిపిస్తుంటాడు. 1990లో తీసుకెళ్తుండగా పడవ ఒరిగి, మనుషుల ప్రాణాలు కూడా పోయి, రెండేళ్లకు పైగా నీటి అడుగున ఉండిపోయిన విగ్రహం అది. 1992లో లేపి నిలబెట్టారు. ఆ బుద్ధుడికి నమస్కరించి వరుసలో నిలబడతాం. ఛాతీ మీద ఒక నంబరు, దానికి అంటించిన చిన్న చిప్పు. పేరు చివర ఏముందో, ఏ ఊరో, ఊళ్లో ఏ వైపు ఇల్లో ఆ చిప్పుకు అక్కర్లేదు. ఎంత దూరం, ఎంతసేపు అన్నదే దాని లెక్క.

ఈ నగరంలో సమతలం తక్కువ. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పిక్కలు పట్టేస్తాయి. ఎక్కి దిగేసరికి ఒక బల్ల, దాని మీద నీళ్ల గ్లాసులు, నారింజ తొనలు, ఉప్పు. కాలేజీ పిల్లలు చేయి చాచి గ్లాసు అందిస్తారు. ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్తోందో ఎవరూ చూడరు. మొదటిసారి ఆ గ్లాసు అందుకున్నప్పుడు మాలో ఒకరు తాగకుండా కాసేపు అలాగే నిలబడిపోయారు. చిన్నప్పుడు వాళ్ల ఊరి హోటల్లో ఆయనకు వేరే గ్లాసు ఉండేది. దాన్ని ఆయనే కడిగి బోర్లించి రావాలి.

1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలాది మందితో మహాడ్‌లో చవదార్ చెరువు దాకా నడిచి వెళ్లి నీళ్లు తాగారు. అప్పటికే బొంబాయి శాసనమండలి తీర్మానం ఉంది. మహాడ్ మునిసిపాలిటీ కూడా చెరువు అందరిదీ అని తీర్మానించింది. కాగితం సిద్ధంగానే ఉంది, కాళ్లు మాత్రం అటు వెళ్లలేకపోయాయి. నడిచి వెళ్లి తాగిన రోజునే దెబ్బలు తిన్నారు. కోర్టులో ఆ చెరువు కేసు 1937 దాకా నడిచింది. అంతకుముందు 1924లో వైక్కంలో పోరాటం జరిగింది గుడి చుట్టూ ఉన్న దారుల్లో నడవడం కోసం. న్యాయశాస్త్రం చదువుకున్నప్పుడు రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజును పరీక్ష కోసం బట్టీ పట్టాం. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని అందులో వరుసగా ఉంటుంది. దారి, నీళ్లు అన్న రెండు మాటలను రాజ్యాంగంలో విడిగా రాయాల్సి వచ్చిందంటే వాటి వెనక ఎంత చరిత్ర ఉందో పరుగులో గ్లాసు అందుకున్నాకే మాకు ఒంటికి తెలిసింది.

అయితే ఈ సమానత్వం ఉండేది మూడు గంటలే. దానికీ రుసుము కట్టాలి, బూట్లు కొనాలి. మేము వెళ్లాక ఆ పేపరు గ్లాసులు ఊడ్చేవాళ్లెవరో చూస్తే చాలు. ఒకసారి పరుగు ముగించి తిరిగి వస్తుంటే, చీపురు పట్టుకున్న ఒక పెద్దమ్మ మమ్మల్ని ఆపి అడిగింది. "ఎవరు తరుముతున్నరని గిట్ల ఉరుకుతున్నరు సార్?" మేమూ నవ్వాం, ఆమే నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు.

తరిమితే పరిగెత్తిన చరిత్ర మనది. 1985 జూలై 17న కారంచేడులో మన వాళ్లు పరిగెత్తారు. తాగే నీళ్ల చెరువును మురికి చేయొద్దని అన్నందుకు మొదలైన గొడవ అది. ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాలకు చేరారు. అక్కడా దారి, నీళ్లే. తరిమేవాడు లేకుండా, మన ఇష్టంతో, అందరూ చూస్తుండగా నడిరోడ్డు మీద పరిగెత్తడం మన ఇళ్లలో ఎంత కొత్త సంగతో ఆ పెద్దమ్మ ప్రశ్న చెప్పింది.

మా పని మీద నల్గొండ జిల్లాలో ఒక ఊరికి వెళ్తుంటాం. అక్కడ వాడలో ఒక అమ్మాయి పోలీసు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది. తెలంగాణలో ఆడపిల్లలకు అందులో 800 మీటర్ల పరుగు ఉంటుంది. పరుగు నేర్చుకోవడానికి ఆ ఊళ్లో బాగున్న రోడ్డు ఒక్కటే, అది పెద్దవాళ్ల ఇళ్ల ముందు నుంచి పోతుంది. రెండు రోజులు పరిగెత్తాక కబురు వచ్చిందట. "రోడ్డు మీద ఉరికితే పరువు పోతదట సార్. ఎవరి పరువో మాత్రం చెప్తలేరు," అంది.

సాధారణ దారిలో మనిషిని అడ్డుకోవడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆ సంగతి చెప్పాల్సినవాళ్లకు చెప్పాం. ఆ తర్వాత బూట్లు వేసుకుని వెళ్లాం. మేము ఐదుగురం, ముందు ఆ అమ్మాయి. మొదటి రోజు అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. రెండో రోజు టీ హోటలాయన "ఏం సార్, ఎలక్షన్లా?" అని అడిగాడు. వారం తిరిగేసరికి మమ్మల్ని చూడటం మానేశారు. మాకు కావాల్సింది అదే. మేము వెళ్లని రోజుల్లోనూ ఆమె పరిగెత్తింది. తర్వాత ఊళ్లోంచి ఇంకో ఇద్దరు ఆడపిల్లలు ఆమెతో కలిశారు. ఉద్యోగం ఇంకా రాలేదు. 800 మీటర్లు మాత్రం గడువులోపే పూర్తిచేసింది.

హక్కు రాతలో పుడుతుంది, వాడకంలో బతుకుతుంది. వాడని దారి మీద గడ్డి మొలిచినట్టే వాడని హక్కు మీదా మొలుస్తుంది. పెద్ద నగరాల మారథాన్లకు అందరూ రావాలని మేము అనం. ఏప్రిల్ 14న మీ ఊళ్లో విగ్రహానికి దండ వేసే ముందు తెల్లవారుజామున ఒక పరుగు పెట్టండి. ఐదు కిలోమీటర్లు చాలు, నడిచేవాళ్లు నడుస్తారు. దారి వాడలో మొదలై ఊరి నడిబొడ్డు మీదుగా పోవాలి. రెండు చోట్లా నీళ్ల బల్లలు పెట్టండి. ఊరివాళ్ల చేత వాడలోని బల్ల దగ్గర నీళ్లు తాగించండి. రుసుము వద్దు. గ్లాసులు ఎవరు తాగినవి వాళ్లే ఎత్తుకోవాలి. మొదటి బహుమతి చివర వచ్చినవాళ్లకు ఇవ్వండి, దారిని అందరికన్నా ఎక్కువసేపు వాడుకున్నది వాళ్లే కదా.

జై భీమ్.