ప్రమేయం ఎవరిది?

ఇంటర్ తెలుగు మీడియం లెక్కల్లో మొదటి పాఠం ప్రమేయాలు. ఒక విలువ ఇస్తే, దానికి కట్టుబడి ఇంకో విలువ వచ్చే సంబంధం అది. మాట్లాడే తెలుగులో ప్రమేయం అంటే ఆ పనిలో మన చెయ్యి ఉండటం. 'నా ప్రమేయం లేకుండానే జరిగింది' అంటాం కదా. ఈ రెండు అర్థాలూ ఒకచోట కలవడం పటేల్‌గూడలో మా చిన్నమ్మ కొడుకు ల్యాప్‌టాప్ మీద చూశాను.

వాడు ఎంపీసీ చదివి, ఐటీఐ చేసి, పటాన్‌చెరు వైపు ఒక చిన్న యూనిట్‌లో కాంట్రాక్టు మీద సీఎన్‌సీ ఆపరేటర్‌గా ఉన్నాడు. డ్రాయింగ్ పైనుంచి వస్తుంది. వీడు జాబ్ బిగించి బటన్ నొక్కుతాడు. డిజైన్ రూమ్‌లోకి వెళ్లాలని రాత్రిళ్లు సాలిడ్‌వర్క్స్ నేర్చుకుంటున్నాడు. వాడికి లెక్క వచ్చు, ఇంగ్లీషు హెల్ప్ పేజీ కొరుకుడు పడదు. ఇంగ్లీషు నేను చదివాను, లెక్క వాడు చెప్పాడు.

ఒక ఫ్లాంజ్ తీసుకోండి. బోల్టు హోల్స్ కూర్చునే వృత్తం వ్యాసం 200 మి.మీ. సుమారు 75 మి.మీ.కి ఒక హోల్ కావాలి. చుట్టుకొలతను 75తో భాగిస్తే 8.38 వస్తుంది. 8.38 హోల్స్ వేయలేం కాబట్టి 'ఇంట్' అనే ఫంక్షన్ దశాంశాన్ని కోసేసి 8 ఇస్తుంది. పక్కపక్క హోల్స్ మధ్య సూటి దూరం కావాలంటే వ్యాసాన్ని సైన్ (180 ÷ 8)తో గుణించాలి. 76.5 మి.మీ. వస్తుంది. కోణం యూనిట్ డిగ్రీలకు బదులు రేడియన్లలో ఉంటే అదే సమీకరణం మైనస్ 97.4 అంటుంది. యంత్రానికి సిగ్గు లేదు, చూసుకోవాల్సింది మనిషే.

రేపు కస్టమర్ వ్యాసం 300 చేయమంటే ఒక్క అంకె మారుస్తే చాలు, హోల్స్ 12 అవుతాయి. 'ఇఫ్' కూడా ఉంది. వ్యాసం 250 దాటితే హోల్ సైజు 18, లేకుంటే 14.

"అక్కా, ఇందులో షరతు రాసి కనిపిస్తది" అన్నాడు వాడు. డిజైన్ పని అడిగితే వాళ్ల సూపర్‌వైజర్ అన్నాడట, "డ్రాయింగ్ చదవడం వస్తే చాలు, గీసుడు నీకెందుకు?" అని. అక్కడి షరతు ఏ కాగితం మీదా ఉండదు. కానీ ఊడ్చేవాళ్లలో, లోడింగ్‌లో, మెషీన్ దగ్గర, డిజైన్ రూమ్‌లో ఎవరెవరున్నారో లెక్కపెట్టండి, షరతు దానంతటదే బయటపడుతుంది. శ్రమను పంచుకోవడం వేరు, శ్రామికులనే అంతస్తులుగా విడగొట్టడం వేరని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చింది ఇదే.

మా తాత చెప్పు కుట్టేటప్పుడు పాదం కొలత ఒక్కటే తీసుకునేవాడు. పట్టీ ఎంత, ఉంగటం ఎంత అన్నవి దాన్నుంచే వచ్చేవి. అదీ ప్రమేయమే. అయితే మా తాత ఇంజనీరని మురిసిపోయి ఆగిపోవడం నాకిష్టం లేదు. ఆయన సమీకరణం ఆయన చేతిలోనే ఉండిపోయింది, దానికి ఎవరూ జీతం ఇవ్వలేదు. రాసిన సమీకరణం ఫైల్‌లో ఉంటుంది, రాసినవాడు డిజైనర్ అవుతాడు. తేడా తెలివిలో లేదు, రాసే చోటు ఎవరికి దక్కింది అన్నదాంట్లో ఉంది.

బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ 1968 నుంచి ఉంది. మన బస్తీ పిల్లల్లో ఎందరికి ఆ గేటు తెలుసు? ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సెలవు రోజు ఒక గంట ఇవ్వండి. ఇంట్, సైన్, ఇఫ్... ఒక్కో ఫంక్షన్ తెలుగులో చెప్పండి. లెక్క వాళ్లకు ముందే వచ్చు. కావాల్సింది ప్రమేయం.

జై భీమ్.