సామర్లకోట బొమ్మల కొలువు

సామర్లకోటలో రైలు దిగేవాళ్ళలో చాలామంది ఊరు చూడటానికి దిగరు. కాకినాడ వెళ్ళటానికి దిగుతారు. మద్రాసు నుంచి కలకత్తా పోయే పెద్ద లైను మీద కాకినాడ దారి ఇక్కడే చీలుతుంది. అందుచేత మా ఊరికి జంక్షన్ అనే గౌరవం దక్కింది గాని, చూడదగ్గ ఊరు అనే గౌరవం దక్కలేదు. ప్రయాణీకులు ప్లాట్‌ఫారం మీద ఓ కప్పు టీ తాగి, కాకినాడ బండి ఎప్పుడని ఒకరినొకరు అడిగి, సామాను సర్దుకుని వెళ్ళిపోతారు. ఇక్కడికి దగ్గర్లోనే వెయ్యేళ్ళు దాటిన గుడి ఉందని చెబితే, "అలాగాండీ! ఈసారి వచ్చినప్పుడు తప్పకుండా చూస్తాం" అంటారు. ఆ ఈసారి ఎన్నటికీ రాదు.

వాళ్ళని అని లాభం లేదు. ఈ ఊళ్ళో పుట్టి, పక్క ఊరి కాలేజీలో పద్ధెనిమిదేళ్ళుగా తెలుగు చెబుతున్న నేను సైతం ఆ గుడికి దండం పెట్టుకోవటానికి వెళ్ళాను గాని, కళ్ళు విప్పి చూడటానికి ఎన్నడూ వెళ్ళలేదు. ఆ రెంటికీ తేడా ఉందని నాకు తెలియజెప్పినవాడు నా శిష్యుడు. ఆ కథే ఇది.

కార్తీక మాసం. బి.ఏ. రెండో సంవత్సరం వాళ్ళకు శ్రీనాథుడి గురించి పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలో ఒక కుర్రాడు వంచిన తల ఎత్తకుండా రాసేసుకుంటున్నాడు. నా పాఠం మీద ఇంత శ్రద్ధా అని మురిసిపోయి దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, కాగితం మీద నా బొమ్మ! చేతిలో పుస్తకం, జారిన కళ్ళజోడు, ముక్కు మాత్రం బారెడు. నా ముక్కు పొడుగే, అది వేరే సంగతి. పక్కవాళ్ళు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండి, ఆ కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేశాను.

ఇంటికి వచ్చి ఈ ఘనకార్యం చెబితే మా ఆవిడ, "చింపకుండా తెస్తే నేనూ చూసేదాన్ని కదండీ" అంది. ఆ పూట అన్నం సహించలేదు. వర్ణన అంటే కళ్ళకు కట్టినట్టు ఉండాలని పద్ధెనిమిదేళ్ళుగా పిల్లలకు చెబుతున్నవాణ్ణి. నిజంగా కళ్ళకు కట్టినట్టు ఒకడు గీస్తే చింపి పారేశాను.

మర్నాడు వాణ్ణి పిలిచి నోటు పుస్తకం చూపించమన్నాను. భయపడుతూ ఇచ్చాడు. ముందు పేజీల్లో పాఠాలు, వెనక నుంచి బొమ్మలు. పడుకున్న నంది, స్తంభాల వరస, కోనేటి మెట్లు, ఒక స్తంభం మీద నాట్యకత్తె.

"ఇవన్నీ ఎక్కడివిరా?"

"మన భీమేశ్వరుడి గుళ్ళోవేనండి, మాస్టారూ."

ఆ నాట్యకత్తెను నేను ఏనాడూ చూడలేదు. ఆదివారం వాణ్ణే వెంటబెట్టుకుని గుడికి వెళ్ళాను. ఆ రోజు వాడు గురువు, నేను శిష్యుణ్ణి.

పంచారామాల్లో ఇది కుమారారామం. తారకాసురుడి కంఠంలో ఉన్న లింగం అయిదు ముక్కలై అయిదు చోట్ల పడిందనీ, ఇక్కడి దాన్ని కుమారస్వామే ప్రతిష్ఠించాడనీ స్థలపురాణం. చరిత్ర ప్రకారం, కట్టించినవాడు తూర్పు చాళుక్య రాజు మొదటి చాళుక్య భీముడు. ఆయన 892 నుంచి 922 వరకు రాజ్యం చేశాడు. ఈ భాగానికి చాళుక్య భీమవరం అన్న పేరు ఆయన వల్ల వచ్చిందే. చుట్టూ రెండు ఇసుకరాతి ప్రాకారాలు, నడుమ రెండంతస్తుల ఆలయం. తెల్లని లింగం సుమారు 14 అడుగుల ఎత్తున కింది అంతస్తులో మొదలై కప్పును దాటి పై అంతస్తులోకి వస్తుంది. కింద పాదాలకు మొక్కి, మెట్లెక్కి పైన అభిషేకం చూడాలి. చైత్ర వైశాఖాల్లో సూర్యకిరణాలు స్వామిని తాకుతాయని పెద్దలు చెబుతారు. గుడి ఎదుట ఏకశిలా నంది. కాకతీయుల కాలంలో చేరిన స్తంభాలు నునుపు దేలి మెరుస్తూ ఉంటాయి.

ఇవన్నీ నేను వాడికి చెప్పాను. వాడు వినయంగా విని, "మాస్టారూ, ఇలా వచ్చి ఈ పక్క నుంచి చూడండి" అన్నాడు. వెలుతురు ఏటవాలుగా పడే చోట నిలబెట్టాడు. ఎదురుగా నిలబడితే అరిగిన రాయిలా కనిపించిన బొమ్మకు పక్క నుంచి చూస్తే నడుము వచ్చింది, చెయ్యి వచ్చింది, ముఖంలో నవ్వు కూడా వచ్చింది. ఎండ ఎక్కాక అదంతా మాయమవుతుందట. అందుకని వాడు పొద్దున్నే వచ్చి గీసుకుంటాడు.

"బొమ్మలు నేర్చుకుంటావా?" అన్నాను.

"మా నాన్నగారు ఒప్పుకోరండి."

వాళ్ళ నాన్నగారిని నేను ఎరుగుదును. మా ఊళ్ళో దుకాణాల మీద, లారీల వెనక, నాటకాల తెరల మీద అక్షరాలన్నీ ఒకప్పుడు ఆయన చేతివే. ఆయన రాసిన 'శ్రీ' చూసి కొత్త దుకాణానికి కళ వచ్చిందనేవాళ్ళు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ కుంచెలు అటక ఎక్కాయి. ఇప్పుడు ఓ రంగుల కొట్టులో లెక్కలు రాస్తున్నాడు. వెళ్ళి మాట్లాడితే మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"మాస్టారూ, బొమ్మలు చెడ్డవని నేను అననండి. ముప్ఫై ఏళ్ళు వాటి మీదే బతికాను. ఒక్క మిషను వచ్చి రెండేళ్ళలో నన్ను ఇంట్లో కూర్చోబెట్టేసిందండి. వాడి బొమ్మలు వాడికి కూడు పెడతాయాండీ? మీరే చెప్పండి."

నేనేం చెప్పను? కళ అమరమనీ అదనీ ఇదనీ ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణే గాని, ఆ కుర్చీలో కూర్చుని ఆ మనిషితో ఆ మాట అనలేకపోయాను. "ఒక్కసారి రాజమండ్రి తీసుకువెళ్ళి చూపిస్తాను, పంపండి" అని మాత్రం అడిగాను. "మీరు అడిగాక కాదంటానా అండీ" అన్నాడు.

మార్గశిరంలో ఒక ఉదయం పాసింజరు బండి ఎక్కాం. వాడు, నేను, మరో ఆరుగురు విద్యార్థులు. మేడపాడు దాటాక బిక్కవోలు వస్తుంది. గుణగ విజయాదిత్యుడి పేరుతో ముడిపడిన ఊరు. పొలాల మధ్య చాళుక్యుల గుళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన మా చాళుక్య భీముడికి పెదతండ్రి. అంటే ఆ బండి అబ్బాయి కట్టిన గుడి దగ్గర బయల్దేరి పెదనాన్న కట్టిన గుళ్ళ మీదుగా పోతుందన్నమాట. అనపర్తి, ద్వారపూడి దాటి కడియం వచ్చేసరికి గాలిలోనే పూలతోటల వాసన. రాజమండ్రికి 2015 నుంచి సర్కారు కాగితాల్లో రాజమహేంద్రవరమని పేరు. మా నోటికి మాత్రం ఇంకా రాజమండ్రే.

అక్కడ దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. లోపలికి వెళ్ళే ముందు పిల్లలకు ఒక దొర కథ చెప్పాను.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి సొంత ప్రదర్శనశాల ఉంది. ఆష్మోలియన్ అంటారు. 1683లోనే తలుపులు తెరిచింది. విద్యార్థి క్లాసు నుంచి బయటికి వచ్చి, నాలుగడుగులు వేసి, గొప్ప చిత్రాలు చూసుకుని మళ్ళీ క్లాసుకు వెళ్ళవచ్చు. ఆ ఆక్స్‌ఫర్డులో చదివిన ఆస్వాల్డ్ కూల్డ్రే 1909లో రాజమండ్రి గవర్నమెంటు ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా వచ్చాడు. ఇక్కడ చిత్రశాల లేదు. కాని ఆయన దగ్గర రంగులున్నాయి, ఓపిక ఉంది. పిల్లల్ని చేరదీసి బొమ్మలు వేయించాడు, కథలు రాయించాడు. ఆ పిల్లల్లో అడవి బాపిరాజు ఒకరు, కవికొండల వెంకటరావు ఒకరు. దామెర్ల రామారావు ఒకరు. రామారావును బొంబాయి జె.జె. కళాశాలకు పంపటానికి పూనుకున్నది కూడా ఆ ప్రిన్సిపాలే. 1919లో దొర తన దేశం వెళ్ళిపోయాడు.

రామారావు 1897లో పుట్టాడు. బొంబాయిలో చదువు ముగించి తిరిగి వచ్చి, ఉద్యోగాల వెంట పడకుండా రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టాడు. ఆయన 'ఋష్యశృంగ బంధనం' 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి పొందింది. 1924లో ఆయన చిత్రాలు లండను దగ్గర వెంబ్లీ ప్రదర్శన దాకా వెళ్ళాయి. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, ఇరవయ్యెనిమిదేళ్ళు నిండకుండానే పోయాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టటానికి అప్పటికింకా ఏడాది ఉంది. చిత్రాలు చెల్లాచెదురు కాకుండా ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నం కాపాడాడు. పాఠశాలనూ నడిపించాడు. ఆ శ్రమ వల్లనే ఇవాళ మనం ఒక గుమ్మం తొక్కి వాటిని చూడగలుగుతున్నాం.

లోపల మాటలు ఆగిపోయాయి. నీటి రంగుల బొమ్మలు, తైలవర్ణ చిత్రాలు, గోదావరి ఒడ్డు, కొండలు, ముంగిట్లో ఆడవాళ్ళు. ఆ ముఖాలు బొంబాయి ముఖాలు కావు, లండను ముఖాలు అసలే కావు. మన ఇళ్ళల్లో మనం రోజూ చూసే అమ్మలూ, అక్కలూ, పిన్నులూ. ఆ కొప్పు ముడి మనది, ఆ చీర కట్టు మనది. రాజులూ రాణులే బొమ్మకు తగుదురన్న రోజుల్లో, మన పెరట్లో మనుషులు కూడా తగుదురని చూపించిన కుంచె అది. రామారావుతో పాటు ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు వేశారని చెబితే, మాతో వచ్చిన అమ్మాయిలిద్దరూ నా వైపు తిరిగి, "ఇది మాకు ముందెప్పుడూ చెప్పలేదేం మాస్టారూ?" అన్నారు. నాకు తెలిస్తే కదా చెప్పటానికి! నేనూ ఈ ప్రయాణం కోసమే చదువుకున్నాను.

మావాడు మాత్రం పెద్ద చిత్రాల దగ్గర కాక, పూర్తికాని పెన్సిలు గీతల దగ్గర ఆగిపోయాడు. ఎంతకీ కదలడు. "ఏంట్రా?" అంటే, "ఈయన కూడా ఒక్కసారే గీసెయ్యలేదండి, మాస్టారూ" అన్నాడు. వాడి గొంతులో ధైర్యం వినిపించింది. పదహారణాల పాఠం నేర్చుకున్నాడనిపించింది. నేను చెప్పిన పాఠం మాత్రం కాదు.

తిరుగు బండిలో పిల్లలే పట్టుబట్టారు, మన కాలేజీలో కూడా ఒకటి పెడదామని. సంక్రాంతికి మన ఇళ్ళల్లో బొమ్మల కొలువు పెట్టమూ? మెట్లు మెట్లుగా కట్టి, ఉన్న నాలుగు బొమ్మల్నీ తీర్చి, పేరంటానికి పిలవమూ? అదే ఇక్కడా చెయ్యాలని. మా ప్రిన్సిపాలుగారు ఒప్పుకున్నారు, గోడలకు మేకులు కొట్టకూడదన్న షరతు మీద. బట్టలు ఆరేసే తాళ్ళు కిటికీకీ కిటికీకీ కట్టి, క్లిప్పులతో కాగితాలు తగిలించాం. మొత్తం 43 బొమ్మలు. మావాడి గుడి బొమ్మలు ఒక వరస. ఒక అమ్మాయి వాళ్ళమ్మ ముగ్గులన్నీ కాగితం మీదికి ఎత్తుకొచ్చింది. ఒకరింట్లో నలభై ఏళ్ళుగా దాచిన వారపత్రికల అట్టలు దొరికాయి. వడ్డాది పాపయ్య, బాపు బొమ్మలు. చిత్రశాలల ముఖం ఎరుగని మన ఊళ్ళకు ఆ అట్టలే చిత్రశాలలు. వాటినీ ఒక తాడు మీద ఆరేశాం.

రెండో రోజు మధ్యాహ్నం మావాడి నాన్నగారు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. గుడిలోకి వచ్చినట్టు తాళ్ళ మధ్య నడుస్తూ ఒక్కొక్క బొమ్మ ముందూ ఆగాడు. కొడుకు బొమ్మల దగ్గర అందరికంటే తక్కువ సేపు ఆగాడు. నా గుండె జారిపోయింది. నేరుగా నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ, ఒక్క మాటండి. గుమ్మం మీద బోర్డు ఎవరు రాశారండి?"

"మా విద్యార్థులే."

"చిత్రప్రదర్శనలో 'శ' వంకరపోయిందండి. వాకిట్లోనే తప్పు ఉంటే లోపలికి వచ్చినవాడు ఏం అనుకుంటాడండి?"

కొడుకు చేతిలో కుంచె అందుకుని, స్టూలు ఎక్కి, పాత అక్షరాల మీద తెలుపు పూసి, తడి ఆరే దాకా కదలకుండా నిలబడ్డాడు. తరవాత గీత గియ్యకుండా, కొలత పెట్టకుండా రాసుకుంటూ పోయాడు. పిల్లలంతా బొమ్మలు వదిలి ఆ చెయ్యి చూస్తూ నిలబడ్డారు. కొడుకు రంగు డబ్బా పట్టుకున్నాడు. దిగి, చేతులు తుడుచుకుంటూ, "డిగ్రీ అయ్యాక ఆలోచిద్దాం లెండి. ముందు పరీక్షలు పాసవ్వమనండి" అన్నాడు. ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా? ఆ సంగతి వాడి పరీక్షలయ్యాక తేలుతుంది. బోర్డు మాత్రం మా తెలుగు శాఖ గదిలో నా కుర్చీ వెనక తగిలించుకున్నాను.

అయ్యా, అమ్మా, ఈసారి సామర్లకోటలో బండి మారేటప్పుడు మీకు రెండు గంటలు వ్యవధి ఉందనుకోండి. సామాను క్లోక్‌రూములో పెట్టి, ఆటో ఎక్కి భీమేశ్వరుడి గుడికి వెళ్ళండి. పొద్దున్నే వెళ్ళండి. దండం పెట్టుకున్నాక, స్తంభాల పక్క నుంచి ఒక్కసారి చూడండి. ఎవరైనా కుర్రాడు మెట్ల మీద కూర్చుని గీసుకుంటూ కనిపిస్తే పలకరించండి. మీ బొమ్మే గీసి, మీ ముక్కు కాస్త పొడుగు పెట్టినా సరే, కాగితం చింపకండి.