పచ్చిమేతకు పాతర

పిల్లలూ! మీరు వరంగల్లు వెళితే, కోటలోని రాతి తోరణాలు చూశాక, నర్సంపేట మీదుగా పాకాల చెరువుకు కూడా వెళ్ళండి. 13వ శతాబ్దిలో, కాకతీయ గణపతిదేవుడి కాలంలో ఈ చెరువు కట్టించారు. వానాకాలపు నీటిని ఎండాకాలానికి దాచటమే దాని పని.

నీటిలాగే పచ్చిమేతను కూడా దాచవచ్చు. వానలకు అలసంద, పిల్లిపెసర ఏపుగా పెరుగుతాయి. వేసవి వచ్చేసరికి చాలా పశువులకు ఎండు వరిగడ్డి, చొప్ప మాత్రమే మిగులుతాయి. వాటిలో మాంసకృత్తులు బహు తక్కువ. అందుచేత పాలు తగ్గిపోతాయి. అలసందను ఎండబెట్టి దాచుదామంటే, బలమున్న ఆకులన్నీ పొడిపొడిగా రాలిపోతాయి.

పూర్వం మనవాళ్ళు ధాన్యాన్ని పాతర వేసేవారు. అలాగే మేతను ముక్కలు చేసి, గోతిలో పోసి, గాలి లేకుండా తొక్కి కప్పితే, అది "పాతరగడ్డి" అవుతుంది. లోపలి సూక్ష్మజీవులు మేతలోని చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. పెరుగుకు పులుపునిచ్చే ఆమ్లమే అది. ఆ పులుపులో మేతను కుళ్ళబెట్టే జీవులు పెరగలేవు.

మొక్కజొన్నలో చక్కెర ఎక్కువ గనక అది సులువుగా పులుస్తుంది. అలసంద అలా కాదు. దానిలో చక్కెర తక్కువ. పైగా మాంసకృత్తులూ, ఖనిజాలూ పులుపును విరిచేస్తాయి. దాని మంచే దానికి అడ్డు!

ఈ చిక్కుకు ఫిన్లండు శాస్త్రజ్ఞుడు విర్తానెన్ ఒక ఉపాయం కనిపెట్టాడు. పులుపు పుట్టేదాకా ఆగకుండా, మేత మీద నీళ్ళు కలిపిన ఆమ్లం చల్లించాడు. పశువుల మేతను దాచే ఈ పద్ధతి మూలంగానే ఆయనకు 1945లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు ఇంకా తేలికైన పద్ధతులున్నాయి. పూతకు వచ్చిన అలసందను కోసి, కొన్ని గంటలు వాడనిచ్చి, మొక్కజొన్నతో కలిపి ముక్కలు చేస్తారు. చక్కెర చాలకపోతే వంద పాళ్ళకు రెండు మూడు పాళ్ళు బెల్లపు మడ్డి కలుపుతారు. పాలకు తోడు వేసినట్టే, మేలుచేసే సూక్ష్మజీవులను కూడా చల్లుతారు. గొయ్యి లేనివారు గాలి చొరని ప్లాస్టిక్ సంచులలో కుక్కి మూతి బిగిస్తారు.

నెలన్నర తరవాత తెరిస్తే, పుల్లని కమ్మటి వాసన రావాలి. బూజు పట్టినా, కుళ్ళుకంపు కొట్టినా అది పశువులకు పెట్టరాదు. ఇంట్లో పాడి ఉన్నవారు ఈ సంగతులన్నీ వరంగల్లు పక్కనే ఉన్న మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి తెలుసుకోవచ్చు.

పాకాల కట్ట మీద నిలబడినప్పుడు ఒక్కసారి ఆలోచించండి: ఆ చెరువు ఊరికి చేసే మేలే, ఈ పాతర మీ ఇంటి ఆవుకు చేస్తుంది!