నాళాగిరి

నా బాల్యమున ఎల్లారెడ్డిలో మా యింటిప్రక్క నొక కూలివాడు కాపురముండెడివాడు. పగలెల్ల సాధువు, సందెవేళ త్రాగివచ్చి భార్యను కొట్టెడివాడు. "వీడు మనిషి కాడు, మదపుటేనుగు" అని మేమందరము నిందించితిమి. నేనొకనాడు వాని తలుపుపై రాయి కూడ రువ్వితిని.

పెద్దవాడనై కామారెడ్డిలో స్థిరపడిన పిమ్మట, పనిమీద చెన్నపురికి పోయి, అచటి ప్రభుత్వ మ్యూజియమున అమరావతీస్తూప శిల్పములను చూచితిని. సుమారు క్రీ.శ. 2వ శతాబ్దినాటి గుండ్రని ఫలకమొకటి నన్ను కదలనీయలేదు. అందు రాజగృహపు వీథిలో నాళాగిరి యను నేనుగు జనులను త్రొక్కుచున్నది. మేడలపై స్త్రీలు భయమున చూచుచున్నారు. ఆ ఫలకముననే కుడివైపున ఆ యేనుగే బుద్ధుని పాదములయొద్ద మోకరిల్లినది.

బౌద్ధులకు ఏనుగు పవిత్రము. మాయాదేవి స్వప్నమున బోధిసత్త్వుడు తెల్లయేనుగై వచ్చెనందురు. అట్టి జంతువు హంతకమేల యయ్యెను? బుద్ధుని చంపింపగోరిన దేవదత్తుడు మావటివారిచేత దానికి కల్లు త్రాగించి విడిపించెనని కథ. బుద్ధుడు అంకుశము పట్టలేదు. మైత్రీభావముతోనే దానిని శాంతింపజేసెను.

చదువరులారా! మా పొరుగువానికి అప్పుపై సారా పోసి, వాని కూలిడబ్బంతయు గైకొన్న దుకాణదారుని మేమెన్నడును నిందింపలేదు. పండుగనాడు ఆయనకు నమస్కరించితిమి. కొట్టినవాడు నిర్దోషి యనను. కాని పోసిన చేతిని ప్రశ్నించినవారు గాని, ఆ తలుపు తట్టి యా యిల్లాలిని పలుకరించినవారు గాని మాలో నొక్కరును లేకపోయిరి. రాయి రువ్వుట మాత్రము సులభమైనది.