తలుపు కొట్టేది ఎవరు? జనగామ టు భూపాలపల్లి, ఓ హారర్ రూట్

‘ఓ స్త్రీ రేపు రా.’ 1990లలో మన ఊళ్లలో ఇంటి గోడల మీద రాసిన ఈ ముక్క మీలో చాలామంది అమ్మానాన్నల నోట వినే ఉంటారు. అర్ధరాత్రి ఓ ఆడ దెయ్యం వస్తుంది, తెలిసిన గొంతుతో పిలుస్తుంది, తలుపు తీశారో ఖతం. దానికి మనోళ్లు పెట్టిన సెక్యూరిటీ సిస్టమ్ ఆ నాలుగు మాటలే. దెయ్యం వస్తుంది, చదువుతుంది, బుద్ధిగా వెళ్లిపోతుంది. రేపొచ్చినా గోడ మీద అదే రాత. మా సాఫ్ట్‌వేర్ భాషలో ఇన్ఫినిట్ లూప్ అన్నమాట! కన్నడ ఊళ్లలో ఇదే కథ ‘నాళె బా’. హిందీలో 2018లో ‘స్త్రీ’ సినిమా అయి కోట్లు కొల్లగొట్టింది.

అంటే భయాన్నీ నవ్వునీ ఒకే ప్లేట్‌లో వడ్డించడం మనకి హాలీవుడ్ నేర్పలేదు. బయటివాడు ఇంట్లోకి చొరబడే కథలు, నవ్వుతూ వణికించే కథలు మీకు ఇష్టమైతే ఈ వీకెండ్ ఫోన్‌లో సినిమాలు డౌన్‌లోడ్ చేసుకుని వరంగల్ హైవే ఎక్కేయండి. మూడు జిల్లాలు, మూడు రకాల భయాలు.

జనగామ: ఇల్లే విలన్

పెంబర్తి ఇత్తడి నగిషీలు చూసి అందరూ ముందుకెళ్లిపోతారు. మీరు మాత్రం పాలకుర్తి, దేవరుప్పుల వైపు తిరగండి. ఇది గడీల నేల. విసునూరు దేశ్‌ముఖ్ పేరు చెబితే ఇక్కడి పెద్దవాళ్ల మొహాలు ఇప్పటికీ మారతాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటను ఎత్తుకుపోవడానికి మనుషుల్ని పంపింది ఆ గడీయే. ఐలమ్మ వెనక్కి తగ్గలేదు, సంఘం ఆమె వెంట నిలబడింది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. ఇక్కడ చొరబడింది దెయ్యాలు కాదు, దొర మనుషులు.

ఈ ఊళ్లు చూశాక ‘రెడీ ఆర్ నాట్’ (2019) పెట్టుకోండి. కొత్త పెళ్లికూతురు. అత్తింటివాళ్లు బాగా బలిసినోళ్లు, పెద్ద బంగ్లా. పెళ్లి రాత్రి ఆచారం పేరుతో దాగుడుమూతలు ఆడమంటారు. దొరికితే చంపేస్తారు. నవ్వొస్తుంది, నవ్వినందుకు సిగ్గేస్తుంది. డబ్బూ ఆచారం కలిస్తే ఇల్లే నోరు తెరుస్తుందని గడీల నేల మీద కూర్చుని చూస్తే ఇంకా బాగా ఎక్కుతుంది.

మహబూబాబాద్: ఎవరికి ఎవరు భయం?

తొర్రూరు మీదుగా మానుకోట. జిల్లా బోర్డు మీద ఏమున్నా ఆటో అన్న నోట్లో అది మానుకోటే. కాజీపేట–విజయవాడ లైన్ మీద రాత్రంతా రైళ్లు పోతూనే ఉంటాయి. ఏ టైమ్‌కైనా ఎవరో ఒక కొత్త మనిషి బ్యాగు వేసుకుని దిగుతుంటాడు.

ఆ కొత్త మనిషి గురించే ఆలోచించండి. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డ్‌లు తెలంగాణ అంతా పాకాయి. ఊళ్లు రాత్రిళ్లు కర్రలతో కాపలా కాశాయి. రాష్ట్రంలో కొన్నిచోట్ల ఏ పాపం తెలియని మనుషులు దెబ్బలకి చచ్చిపోయారు. ‘ఇంట్లోకి ఎవడో వస్తున్నాడు’ అనే కథలో నిజంగా ప్రమాదంలో పడింది బయట నిలబడ్డవాడు.

ఇక్కడికి నా పిక్ ‘ఆనందో బ్రహ్మ’ (2017). మహి వి. రాఘవ్ డైరెక్షన్, తాప్సీ, శ్రీనివాస్ రెడ్డి, వెన్నెల కిషోర్. దెయ్యాలున్న ఇంట్లోకి నలుగురు మనుషులు దిగుతారు, దెయ్యాలే వాళ్లని చూసి జడుసుకుంటాయి. పగలబడి నవ్వండి. తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రామ్ గోపాల్ వర్మ హిందీ సినిమా ‘కౌన్’ (1999) చూడండి. ఒక ఇల్లు, వాన, ఒంటరిగా ఊర్మిళ, తలుపు దగ్గర నవ్వుతూ సతాయించే మనోజ్ బాజ్‌పాయ్. పాటల్లేవ్. ఎవరిని చూసి భయపడాలో చివరి దాకా తేల్చుకోలేరు. అంతకంటే చెప్పను.

భూపాలపల్లి: పిలవకుండా వచ్చే చుట్టం

నర్సంపేట, ములుగు దాటితే అడవి చిక్కబడుతుంది. ఘనపురం కోటగుళ్లలో కాకతీయుల శిల్పాలు సాయంత్రం వెలుగులో చూసి తీరాలి. తర్వాత సింగరేణి గనులు, చెల్పూరు పవర్ ప్లాంట్ పొగ గొట్టాలు. ఇంకా ముందుకెళ్తే గోదావరి, ప్రాణహిత కలిసే కాళేశ్వరం.

ఆ గుడి ప్రత్యేకత ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి యముడిది, ఒకటి శివుడిది. శివుడు అందరికీ ముక్తి ఇచ్చేస్తుంటే యముడికి పని లేకుండా పోయిందనీ, ఆయన మొరపెట్టుకుంటే పక్కనే చోటిచ్చాడనీ స్థలపురాణం. బెంచ్ మీద పడ్డ ఇంజినీర్‌గా యముడి బాధ నాకు బాగా అర్థమవుతుంది.

తలుపు కొట్టకుండా ఇంట్లోకొచ్చే మొదటి మనిషి యముడే కదా. ఆయన్నీ మనం కామెడీ చేసేశాం: ‘యమగోల’ (1977), ‘యమలీల’ (1994). చావు మీద ఇంత హాయిగా నవ్విన మనం ‘ఫన్నీ గేమ్స్’ (1997) తట్టుకోగలమా? ఇద్దరు మర్యాదస్తులైన కుర్రాళ్లు, తెల్ల గ్లవ్స్, కోడిగుడ్లు అడగడానికి ఇంటికొస్తారు. అంతే. డైరెక్టర్ మైకేల్ హానెకె మధ్యలో మన వైపు తిరిగి, ఎందుకు చూస్తున్నావని అడిగినంత పని చేస్తాడు. గుండె గట్టిగా ఉంటేనే చూడండి.

చివరగా ఒక మాట. ఈ మూడు జిల్లాల్లోనూ పిల్లలు హైదరాబాద్‌లో, అమ్మానాన్నలు పెద్ద ఇళ్లలో ఒంటరిగా ఉండడం మామూలైపోయింది. ఎవరైనా తలుపు కొడితే మనం ఇక్కడ ఫోన్‌లో సీసీ కెమెరా చూస్తాం. సినిమా అయ్యాక ఓసారి ఫోన్ చేయండి. రాత్రి పదకొండు దాటాక మాత్రం వద్దు, వాళ్లు జడుసుకుంటారు.