సెల్లారులో తొమ్మిది గుడ్లు

మొన్న మదీనాగూడలో మా అపార్ట్‌మెంటు సెల్లారులో పాత ఇసక కుప్ప ఎత్తుతుంటే తెల్లటి మెత్తటి గుడ్లు బయటపడ్డాయి. తొమ్మిది. "జెర్రిపోతువి సార్" అని తేల్చేసి, వాచ్‌మన్ వాటిని బకెట్లో వేసేశాడు.

మా టీములో ఒకతను ఇంట్లో బాల్ పైథాన్లు పెంచుతాడు. ఇంక్యుబేటరూ ఉంది. 31 డిగ్రీల వేడి, తడి వర్మిక్యులైట్, రెండు నెలలు, అంతే! "తెచ్చెయ్ బాసూ, పొదిగిద్దాం" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ మనసు లాగింది.

కానీ ఆ ఆఫ్రికా పాముకైతే 2024 రూల్స్ ప్రకారం పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చేయించి, పిల్లలు పుడితే అవీ నమోదు చేయిస్తే సరి. మన జెర్రిపోతుకి ఆ వీలు లేదు. 1972 వన్యప్రాణి చట్టంలో పాము గుడ్లు కదిలించడం కూడా వేట కిందే లెక్క. (వేట! బొద్దింకని చూసి మంచమెక్కే నేను!)

ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ చేశాం. వచ్చిన కుర్రాడి మొదటి ప్రశ్న: "గుడ్లు తిప్పారా?"

కోడి తన గుడ్లని తనే తిప్పుతుంది కదా, ఇందులో ఏముంది అనుకున్నా. పాము గుడ్డులో పిండం పెంకుకి అతుక్కుని పెరుగుతుందట, తలకిందులైతే చచ్చిపోవచ్చట. ఆరు గుడ్లు ముద్దగా అంటుకునే ఉన్నాయి, వాటి పైవైపు పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకున్నాడు. బకెట్లో విడిపోయిన మూడింటికీ ఏది పైవైపో మాలో ఎవరికీ గుర్తులేదు.